పొలిమేర దాకా మునిరాజుతో

ఈ 2002 వేసవి సెలవుల్లో హోసూరు వెళ్ళొచ్చానని తెలిసి మా స్టాఫ్ రూములో అందరూ గులాబీల గురించే అడిగారు. చూశాను. ప్లాస్టిక్ గుడారాల కింద బారులు తీరి ఉంటాయి. మొగ్గ విచ్చకముందే కోసి, కాగితం చుట్టి, బెంగళూరు పంపేస్తారు. అంతకు మించి వాటి గురించి చెప్పడానికి నా దగ్గరేమీ లేదు. చెప్పాలనుకున్నది హోసూరు నుంచి, తమిళనాడులోనే ఉన్న పోచంపల్లి అవతల ఒక పల్లె పొలిమేర దాకా మేం చేసిన ప్రయాణం గురించి. తిన్నగా పోతే అది ఒక పూట దారి. మాకు మర్నాటికి గానీ తెమల్లేదు.

నేను తెనాలిలో లెక్కల మాస్టారిని. మా నాన్న పాస్టరు కావడం వల్ల ఒక జన్మకు సరిపడా ప్రసంగాలు చిన్నప్పుడే విన్నాను. ఇప్పుడు ఆదివారాలు వెనక బెంచీలో కూర్చుని కునుకు తీస్తుంటాను. నోరు తెరిస్తే బైబిలు వాక్యం తప్ప మాట రానివాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మా కృపమ్మ పిన్ని ఆ రకం కాదు కాబట్టే సెలవుల్లో ఆవిడ దగ్గరికి బయల్దేరాను. అమ్మకు ఆఖరి చెల్లెలు. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి, రిటైరయ్యాక ఊరికి రాకుండా హోసూరులోనే ఉండిపోయింది. ఎందుకు ఉండిపోయిందో చుట్టాలెవరం పెద్దగా అడగలేదు. అడిగితే వెళ్ళి చూడాల్సి వస్తుందని మా భయం కావచ్చు.

హోసూరు

మే నెలలో తెనాలి నుంచి వెళ్ళినవాడికి హోసూరు గాలి తగలగానే ఎవరో చెంబుడు నీళ్ళు నెత్తిన పోసినట్టుంటుంది. తమిళనాడు కదా అని రైల్లో కూర్చుని నాలుగు తమిళ ముక్కలు బట్టీ పట్టాను. బస్టాండులో దిగి, పళ్ళమ్మే ఆవిడను ఆ ముక్కల్లో దారి అడిగితే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "తెలుగులో అడుగప్పా, యాడికి పోవల్ల?" అంది. ఆ తర్వాత మళ్ళీ తమిళం జోలికి పోలేదు. అక్కడి తెలుగు మా తెలుగులా ఉండదు. మధ్యలో ఒక కన్నడ మాట, ఒక తమిళ మాట దొర్లుతుంటాయి. అయినా పరాయి రాష్ట్రంలో ఉన్నానన్న బెరుకు సాయంత్రానికల్లా పోయింది.

పిన్ని ఇల్లు ఫ్యాక్టరీలు దాటాక, రాళ్ళ క్వారీకి వెళ్ళే మట్టి రోడ్డు మీద ఉంది. రేకుల కప్పు, ఐదు మంచాలు. నేను వెళ్ళేసరికి పిన్ని గడపలో కూర్చుని ఒక మనిషి కాలి వేళ్ళ మధ్య పుండు కడుగుతోంది. "చేతులు ఖాళీ లేవురా రత్నం, నువ్వే లోపలికి వచ్చెయ్" అంది. ఆ మనిషి మునిరాజు. ముప్పై ఏళ్ళుంటాయేమో, చూస్తే అరవై అనిపించాడు. లారీ మీద క్లీనరుగా చేరి, డ్రైవరై, ఉత్తరాది రోడ్లన్నీ తిరిగి, ఎయిడ్స్‌తో తిరిగొచ్చాడు. ఆ మంచాల మీద ఉన్న మిగతావాళ్ళదీ కాస్త అటూ ఇటూగా అదే కథ. ఈ జబ్బుకు మందులు వచ్చాయంటున్నారు గానీ, నెల మందుల ఖరీదు విన్నాక పిన్ని ఆ ఊసే మానేసిందట. పుండ్లు కడగడం, గంజి తాగించడం, పక్కన కూర్చోవడం. ఆవిడ చేసేది అదే.

రాత్రి భోజనంలో రాగి ముద్ద, అనపగింజల పులుసు. మా వైపు సంగటి అంటే పేరు వినడమే. నేను ముద్దను పద్ధతిగా నములుతుంటే మంచాల మీద వాళ్ళకు నవ్వాగలేదు. "నమలకూడదు సార్, మింగల్ల" అని మునిరాజు పాఠం చెప్పాడు. మింగబోయి పొలమారి, కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాను. ఆ ఇంట్లో నవ్వు విన్నది ఆ ఒక్కసారే. పిన్ని అందరికీ పెట్టాక, అడుగున మాడినదాన్ని గీరుకుని తింది. నేను వద్దని మా ఇంటి పెద్దరికం చూపించబోతే, "నాకు మాడు ఇష్టంరా" అంది. నిజంగానే ఇష్టమేమో నాకు తెలీదు.

మునిరాజుకు ఇంటికి పోవాలని ఉంది. అది ఊరికే బెంగ కాదు. వాళ్ళది గొర్రెలు మేపుకునే కుటుంబం. పోచంపల్లి దాటి లోపలికి ఒక చిన్న పల్లె, ఆ పల్లెలో చారెడు చేను, ఆ చేన్లో వాళ్ళ నాన్నను పూడ్చిన చోటు. "నాయన పక్కన పండుకోవల్లక్కా" అని పిన్నిని అడుగుతున్నాడు. తొందర ఎందుకంటే వాళ్ళ ఊళ్ళో ఒక కట్టు ఉంది. ఊరి బయట ప్రాణం పోతే శవాన్ని పొలిమేర దాటనివ్వరు. అది ఏ జబ్బుతో పోయినవాళ్ళకైనా, ఎంతటి ఇంటివాళ్ళకైనా సరే.

"ఊపిరి ఉండంగానే పొలిమేర రాయి దాటల్ల" అని నాకు చెప్పాడు మునిరాజు. "రాయి దాటినాంక పోతే పరవాలేదు. ముందర పోతే నేను ఆ ఊరోన్ని కాదు."

పిన్ని మర్నాడే బయల్దేరదామంది. తోడుగా నేనూ వస్తానన్నాను. కృష్ణగిరి మామిడి తోటలు చూడొచ్చని మనసులో ఒక మూల ఉంది. దాచడం ఎందుకు.

సూళగిరి

వ్యాను బాషాది. హోసూరులో ఈ రోగుల్ని ఎక్కించుకునే బండి అదొక్కటే. ఎక్కించుకున్న ప్రతిసారీ "ఇదే ఆఖరమ్మా" అంటాడని, పిలిస్తే మళ్ళీ వస్తాడని పిన్ని చెప్పింది. వెనక సీటు తీసి పరుపు వేశాం. మునిరాజు తల పిన్ని ఒళ్ళో, కాళ్ళు నా మోకాళ్ళ దగ్గర. హైవే వెడల్పు చేస్తున్నారు. దారి పొడుగునా ఎర్రమట్టి గుట్టలు, కొట్టేసిన చింతచెట్ల మొద్దులు, ఎక్కడ చూసినా దుమ్ము. గుంతలో పడ్డప్పుడల్లా మునిరాజు పళ్ళు బిగబట్టేవాడు.

సూళగిరిలో టీ అంగడి ముందు ఆగాం. కప్పు టీ రెండు రూపాయలు, పక్కన వేడి వేడి మసాలా వడలు. తెనాలిలో ఇలాంటి వడకు సగం మంది వంక పెడతారు. నేను మాత్రం మూడు తిన్నాను. బాషా నాలుగో గ్లాసు మునిరాజు కోసం తీసుకుని వ్యాను వైపు వెళ్తుంటే అంగడాయన మామూలుగానే అడిగాడు. "లోపల ఎవురమ్మా? ఏమి సీక్కు?"

సీక్కు అంటే అక్కడ జబ్బు. జ్వరమని చెబితే సరిపోయేది. పిన్ని నెమ్మదిగా, వివరంగా, టీచరు పిల్లలకు చెప్పినట్టు ఆ జబ్బు పేరు చెప్పింది. గ్లాసు వల్ల అది అంటదని కూడా చెప్పింది. రెండో మాట అక్కడ ఎవరూ వినలేదు. బెంచీ మీద ఉన్నవాళ్ళు లేచిపోయారు. అంగడాయన బాషా చేతిలో గ్లాసు తీసుకోలేదు. "అది మీరే పెట్టుకోండమ్మా, పోండి" అన్నాడు. కోపంగా అనలేదు, భయంగా అన్నాడు. మేం బండి ఎక్కుతుంటే ఒకడు మేం కూర్చున్న బెంచీ మీద బకెట్‌తో నీళ్ళు కొట్టాడు.

నాకు తిక్క రేగింది. "జ్వరం అంటే నీ సొమ్మేం పోయేది?" అన్నాను.

"ఈ జబ్బు చుట్టూ ఉన్నవన్నీ అబద్ధాలేరా" అంది పిన్ని. "మొగుడు పెళ్ళానికి చెప్పడు. ఇంట్లోవాళ్ళు ఊరికి చెప్పరు. అలా దాచి దాచే ఇంతమందిని చంపారు. ఇప్పుడు నేనూ దాస్తే ఇక వీళ్ళకు ఎవరున్నారు?"

"ఆయన గ్లాసు కూడా తీసుకోలేదు."

"ఈరోజు తీసుకోలేదు. చెప్పగా చెప్పగా ఎప్పుడో ఒకడు తీసుకుంటాడు."

ఆవిడ ఆశ అది. ఎదుటి మనిషికి నిజం చెబితే, ఆలస్యంగానైనా వాడు మంచివైపు వస్తాడని. ముప్పై ఏళ్ళుగా పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నవాడిని, నాకు మనుషుల మీద అంత నమ్మకం లేదు. ఆ మాటే అన్నాను. పిన్ని నవ్వింది. మునిరాజు కళ్ళు మూసుకునే ఉన్నాడు. వినలేదనుకున్నాను గానీ, కాసేపయ్యాక "నా దావలో తిట్లాడొద్దండి" అన్నాడు.

కృష్ణగిరి

కృష్ణగిరి కొండ దూరం నుంచే కనిపిస్తుంది. ఒక్కటే పెద్ద బండ, నెత్తిన పాత కోట గోడలు. ఊళ్ళోకి పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా మామిడి మండీలు. గడ్డి పరిచిన గోదాముల్లో కాయలు గుట్టలుగా ఉన్నాయి. మేం తోతాపురి అనే కాయను అక్కడ బెంగళూర అంటారు, గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు లారీల్లో పోతుంది. ఆ రోజు ధర పడిపోయిందట. ఒక రైతు బండి దగ్గర చతికిలబడి, అమ్మాలో వెనక్కి తోలుకుపోవాలో తేలక చూస్తున్నాడు. మా వైపు రసాలకు ఉండే వాసన వీటికి లేదని చెప్పబోయి, ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను.

అక్కడే మునిరాజుకు ఎగశ్వాస మొదలైంది. పిన్ని నాడి పట్టుకుని చూసి, ఒక సెలైన్ బాటిలు ఎక్కిస్తే గానీ ఈ గుంతల రోడ్డు తట్టుకోలేడంది. ఒక చిన్న ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకుపోయాం. దాని పేరు రాయను. లోపలికి వెళ్ళేముందు పిన్ని చెయ్యి పట్టుకుని, "ఈ ఒక్కసారి మాట్లాడకు, నన్ను మాట్లాడనీ" అని బతిమాలాను. "సూది గుచ్చేవాళ్ళకు చెప్పకపోతే అది పాపంరా" అంది. ఆ మాట నిజమే.

చెప్పింది. మంచం లేదన్నారు. ఉన్న మంచాలు మాకు కనిపిస్తూనే ఉన్నాయి. పిన్ని గొంతు పెంచలేదు. వరండాలో బల్ల మీదైనా చాలు, సూది అతనికి నేనే పెడతాను, బాటిలు ఇవ్వండి చాలు అంది. అరగంట నిలబెట్టి ఇచ్చారు. తనకంటే సగం వయసున్న నర్సు ముందు ఆ అరగంటా మా పిన్ని చేతులు కట్టుకుని నిలబడింది. ఆ చేతులతో ఎన్ని వందల కాన్పులు చేసిందో.

బాటిలు ఎక్కేసరికి పొద్దు వాలింది. ఆ దారిలో చీకటిపడ్డాక లోపలి పల్లెలకు పోలేమన్నాడు బాషా. లాడ్జిలో గది అడిగితే అదే ప్రశ్న, పిన్నిది అదే జవాబు. వ్యానులోనే తెల్లవార్చాం. ఆ వీధిలో ఒక మామిడి మండీ కాపలాదారు భార్య వేణ్ణీళ్ళూ, ఒక పండూ తెచ్చిచ్చింది. జబ్బేమిటో ఆమెకూ చెప్పింది పిన్ని. ఆమె "మా తమ్మునికీ అదే" అని చెంబు అక్కడే పెట్టి వెళ్ళింది. పిన్ని నా వైపు చూసింది, చూశావా అన్నట్టు. మునిరాజు ఆ పండు రసం రెండు చెంచాలు మింగాడు.

పోచంపల్లి సంత

మర్నాడు పోచంపల్లిలో సంత రోజని మాకు తెలీదు. తెలిసి ఉంటే ఇంకో దారిన పోయేవాళ్ళం. చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడే ఉన్నాయి. కోళ్ళ గంపలు, చింతపండు బుట్టలు, మేకలు, పలుపుతాళ్ళు, రాగుల మూటలు. ఇంకో రోజైతే నేను అక్కడే సాయంత్రం దాకా తిరిగేవాణ్ణి. బేరం తమిళంలో మొదలై, తిట్లు తెలుగులోకి మారి, సర్దుబాటు కన్నడంలో అవుతుంది. మా తెనాలి సంతలో ఒక్క భాషలోనే ఇవన్నీ చేసుకుంటాం.

సంతకు కొంచెం ముందు పిన్ని మునిరాజు చెవి దగ్గర వంగి, "ఇంకాస్త ఓపిక పట్టు నాయనా, మీ అమ్మను చూస్తావు" అంది.

అతను కళ్ళు తెరిచాడు. "ఆయమ్మను చూసేదానికి కాదక్కా నేను పోయేది" అన్నాడు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటూ, కానీ స్పష్టంగా అన్నాడు. "పోయిన తూరి సీక్కుతో ఇంటికి పోతే నన్ను గొర్రెల దొడ్లో పండుకోబెట్టింది. గిన్నెలో ముద్ద పెట్టి, కట్టెతో నా ముందుకు తోసింది. కట్టెతో. కుక్కకు కూడా అట్ల తొయ్యరు. ఆయమ్మ మొగము నాకొద్దు. నాయన పక్కన పండుకోబెట్టి మీరు పోండి."

పిన్ని అతని నుదురు తుడిచింది. బాషా అద్దంలోంచి ఒకసారి చూసి మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

తర్వాత బండి సంతలో ఇరుక్కుంది. ముందర గొర్రెల మంద, వెనక లారీ. బాషా హారన్ మీద చెయ్యి తీయకుండా కొడుతున్నాడు. ఎవరో కిటికీ మీద తట్టి కోళ్ళు కావాలా అని అడిగారు. నేను దిగి గొర్రెల్ని అదిలించబోతే అవి నా మాట వినలేదు, వాటి యజమాని కూడా వినలేదు. నేను తిరిగొచ్చేసరికి పిన్ని చెయ్యి మునిరాజు మణికట్టు మీద ఉంది. ఆవిడ నన్ను చూసి తల అడ్డంగా ఊపింది. అతని కళ్ళు ఆవిడే మూసింది. బయట బేరాలు నడుస్తూనే ఉన్నాయి.

పొలిమేర

ఊరి పేరు రాయను. వెతికి పట్టుకుని వాళ్ళను నలుగురిలో పెట్టడం నా ఉద్దేశం కాదు. పొలిమేర దగ్గర పసుపు పూసిన మోకాలెత్తు రాయి, దాని పక్కన వేప మొక్క. బాషా రాయికి ఇవతలే బండి ఆపి, ఇంజను తీసి, వెనక్కి తిరిగాడు.

"అమ్మా, ఒక మాట. సీట్లో కూర్చోబెడదాము. తలకు టవలు చుడదాము. పండుకోనుండాడు అని చెప్పి దాటిపోదాము. ఇంటికి పోయినాంక, ఇప్పుడే పోయినాడని చెప్తే అయిపాయె. ఎవురికీ నష్టము లేదు."

నాకు ఆ క్షణంలో బాషా కాళ్ళు మొక్కాలనిపించింది. అంతకంటే తేలిక దారి, మంచి దారి లేదు. "సార్ కూడా చెప్పండి" అన్నాడు. చెప్పాను. చాలానే చెప్పాను. చచ్చిపోయినవాడి ఆఖరి కోరిక అని, నిన్నటి నుంచి నీ నిజాల వల్లే ఇంత ఆలస్యమయిందని, నిన్న జ్వరం అని ఉంటే రాత్రికి ఇంట్లో ఉండేవాడని. ఆ చివరి మాట ఆవిడకు తగిలింది. అయినా వినలేదు.

"ఒక ఊరిని మోసం చేసి వాళ్ళ మధ్య శవాన్ని పెట్టి పోలేనురా. రేపు తెలుస్తుంది. తెలిశాక ఈ జబ్బుతో ఇంకో బిడ్డ ప్రాణంతో వచ్చినా రానివ్వరు" అంది. "వాళ్ళూ మనుషులే. అడుగుతాను. అడగకుండానే కాదంటారని మనమెందుకు అనుకోవాలి?"

చెప్పులు రాయి దగ్గర విడిచింది. అది వాళ్ళ ఊరి దేవత రాయి అని, దాని ముందు చెప్పులతో నడవకూడదని అంది. ఎండలో, ఆ మట్టి దారిన, అరవై దాటిన మనిషి వట్టి కాళ్ళతో పల్లెలోకి నడిచి వెళ్ళింది. బాషా సీటు మీద తల ఆనించుకుని, "ఈయమ్మతో ఇదే ఆఖరు సార్" అన్నాడు.

వచ్చేటప్పుడు ఆవిడ వెంట ఓ పది మంది మగవాళ్ళు వచ్చారు. రాయికి అవతలే ఆగిపోయారు. ముందున్న ముసలాయన ఊరిపెద్ద. ఆయన అరవలేదు, బూతులు తిట్టలేదు. అలా చేసి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"ఊపిరితో తెచ్చుంటే ఎట్లో ఒకట్ల చూసుకొనేవాళ్ళము తల్లీ. బయట పోయిన పీనుగ లోపలికి రాకూడదు. నా కొడుకైనా ఇంతే చెప్తాను."

"ఇల్లు వద్దయ్యా. వాళ్ళ చేను చాలు. వాళ్ళ నాన్న పక్కన" అంది పిన్ని.

"చేను కూడా రాయికి లోపలే ఉండాది."

పిన్ని ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. నడిరోడ్డు మీద, దుమ్ములో. కాళ్ళు ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఆయన భయపడతాడని తెలుసు. రెండు చేతులూ జోడించి ఊరకే కూర్చుంది. ఆ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుని కూడా కాదన్నాడు. రాయికి ఇవతల సర్కారు బీడు ఉంది, అక్కడ పూడ్చుకోండి అన్నాడు. ఒక గడ్డపార, ఒక పార తెచ్చి రాయి మీదుగా ఇవతలికి పెట్టారు. తవ్వడానికి ఎవరూ రాలేదు. ఒక్కొక్కరే వెనక్కి వెళ్ళిపోయారు.

బాషా, నేనూ తవ్వాం. ఆ నేల వేసవిలో ఇనుము లాంటిది. చాక్‌పీసు పట్టే చేతులు నావి, కాసేపటికే బొబ్బలెక్కి చితికాయి. పిన్ని వ్యానులో మునిరాజు ఒళ్ళు తుడుస్తోంది.

అప్పుడు వచ్చింది వాళ్ళమ్మ. మునెమ్మ అట పేరు. ఎండిపోయిన పొట్టి మనిషి. రాయి దగ్గర కాసేపు నిలబడి, దాన్ని దాటి ఇవతలికి వచ్చింది. పిన్ని దుప్పటి తీసి చూపించింది. మునెమ్మ ఏడవలేదు. దూరం నుంచి చూసింది. తర్వాత ఒక అడుగు దగ్గరికి వచ్చి, చెయ్యి చాపి, కొడుకు చెంప మీద పెట్టింది. ఆ చెయ్యి తీయకుండానే పిన్నిని అడిగింది.

"ఎందుకు చెప్పినావమ్మా?"

పిన్నికి అర్థం కాలేదు.

"పండుకోనుండాడు అని చెప్పుంటే సరిపోయుండును గదా. నేను ఎత్తుకొని పోయుందును. లోపలికి పోయినాంక ఎవురడిగేది? ఒక అబద్ధము. ఒకే ఒక అబద్ధము చెప్పుంటే నా బిడ్డ వాళ్ళ నాయన పక్కన ఉండును గదమ్మా."

పిన్ని దగ్గర జవాబులు ఉన్నాయని నాకు తెలుసు. నాకు చెప్పినవే చెప్పొచ్చు. ఇంకో రోగి సంగతి, ఊరి సంగతి. ఒక్కటీ చెప్పలేదు. తల వంచుకుని, "అవునమ్మా. తప్పు నాదే" అంది. నాకు ఆ గొంతు కొత్త. మా కృపమ్మ పిన్ని అలా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నిన్నటి నుంచి ఆవిడను ఓడించాలని చూసిన నాకు, ఆ మాట వినగానే ఆ పార అక్కడే పడేసి ఎటైనా పోదామనిపించింది.

మునెమ్మ ఊళ్ళోకి తిరిగి వెళ్ళిపోయింది. ఇక రాదనుకున్నాం. గొయ్యి పూర్తయ్యేసరికి మళ్ళీ వచ్చింది. చీర కొంగులో మట్టి మూట కట్టుకుంది. తమ చేన్లో, మొగుణ్ణి పూడ్చిన చోట తవ్వి తెచ్చింది. కొడుకు రాలేని చోటి నుంచి ఆ మట్టినే మోసుకొచ్చింది. మేం మునిరాజును దించాక గోతి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, ఆ మట్టి అతని పక్కన పోసింది. ఇద్దరు మనుషులు పక్కపక్కన పడుకుంటే ఎలా ఉంటుందో అలా, బారుగా పోసింది.

పిన్ని అడిగింది, "నేను నా దేవుడికి ఒక మాట చెప్పుకోవచ్చా?"

"చెప్పుకో" అంది మునెమ్మ. "వినేవాళ్ళు ఎవురన్నా ఉంటే మంచిదే గదా."

పిన్ని ప్రార్థన నాలుగు మాటల్లో అయిపోయింది. మా నాన్నైతే అరగంట చేసేవాడు. ఇతను నీ బిడ్డ, దారిలో మేం ఆలస్యం చేశాం, నువ్వైనా లోపలికి రానివ్వు, ఆమెన్. బాషా కూడా అరచేతులు పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. మట్టి పూడ్చాం.

పనిముట్లు రాయి దగ్గర పెట్టేసి బండి ఎక్కబోతుంటే మునెమ్మ పిన్ని వెనకే వచ్చింది. ఏదో అడగాలని ఉంది, అడగడానికి భయపడుతోంది. చీర చెంగు వేళ్ళకు చుట్టుకుంటూ నిలబడింది.

"పోయే ముందర నన్నేమన్నా అనినాడా వాడు?"

బాషా తలుపు పట్టుకుని ఆగిపోయాడు. నేను పిన్ని మొహం చూశాను. ఆ సంత రోడ్డు మీద మునిరాజు అన్న ప్రతి మాటా మా ముగ్గురి చెవుల్లోనూ ఉంది. తన దగ్గర పోయిన రోగుల ఆఖరి మాటను పిన్ని ఏ తల్లి దగ్గరా, ఏ భార్య దగ్గరా మార్చి చెప్పలేదట. హోసూరులో నాకు చెప్పుకున్న గర్వం అదొక్కటే. రోగుల మాట నా దగ్గర వాళ్ళ ఆస్తిరా, అందులో వేలు పెట్టకూడదు అంది.

"అన్నాడమ్మా" అంది పిన్ని. "మా అమ్మ చేతి ముద్ద తినాలని ఉందన్నాడు."

మునెమ్మ తలెత్తింది. "నా మింద కోపంతో ఉండినాడా?"

"లేదు తల్లీ. కోపం లేదు. దారి పొడుగునా అదే అడిగాడు."

ఆ మాట చెబుతున్నప్పుడు పిన్ని కళ్ళు ఆ తల్లి కళ్ళలోంచి పక్కకు తిరగలేదు. నిజం చెప్పేటప్పుడు ఎంత నెమ్మదిగా, ఎంత స్పష్టంగా చెప్పేదో అలాగే చెప్పింది. తన దగ్గరున్న ఆ ఒక్క గర్వాన్నీ తీసి ఆ తల్లి చేతిలో పెట్టేసింది. నేను అటు తిరిగి నిలబడ్డాను.

మునెమ్మ ఆ పొలిమేర రాయికి ఆనుకుని కూలబడింది. అప్పుడు ఏడుపు వచ్చింది ఆమెకు, గుండె పగిలేలా. పిన్ని పక్కన కూర్చుని ఆమె తల తన భుజానికి ఆనించుకుంది. ఏడుపు మధ్యలో ఆమె ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటోంది.

"వచ్చుంటే పెట్టుందును. ఈ తూరి చేత్తోనే పెట్టుందును."